వలపక్క

సింగరయ్యకి తనంటే పడదని సరోజకి మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. తెలియకుండా ఉండటానికి ఆయనేమన్నా దాచుకునే మనిషా? నిజాంపట్నం కాలవ గట్టు మీద పడవలు కట్టే పాక ఆయనది. ఆమె రేపల్లె బస్సు దిగి, ఎండలో మైలున్నర నడిచొచ్చి, చేతిసంచీలోంచి ఇనుప టేపు తీసి, "నమస్కారం బాబాయ్, పడవ కొలుచుకోడానికి వచ్చానండి" అంది.

"నేను నీకు బాబాయిని ఏ వరసన అవుతా?" అన్నాడు సింగరయ్య, బాడిశతో చెక్కుతున్న చెయ్యి ఆపకుండానే.

"పెద్దవారు కదాని అన్నానండి."

"పెద్దోణ్ణని తెలిసే చెప్పులేసుకుని పాకలోకి వచ్చావా?"

సరోజ చెప్పులు విడిచి గట్టు మీద పెట్టింది. ఎవరు పంపారన్నాడు. బాపట్ల సంఘం సెక్రటరీ హనుమయ్యగారు పంపారంది. ఎవరి పిల్లవన్నాడు. రేపల్లె లూథరన్ బడిలో బర్నబాస్ మాస్టారి అమ్మాయినంది. "మాస్టారి కూతురివైతే పిల్లకాయలకి ఎక్కాలు చెప్పుకోరాదూ, పడవలతో నీకేం పని?" అన్నాడు. దీనికి సరోజ దగ్గర జవాబు ఉంది. ఆయనకే అక్కర్లేదు.

ఉప్పెన వచ్చి అప్పటికి రెండు నెలలు. డెబ్బై ఏడు నవంబరులో సముద్రం ఊళ్ల మీదికి లేచి వచ్చినప్పుడు మనుషులతో పాటు పడవలూ పోయాయి. మిగిలినవాళ్లకి తిండిగింజలు ఎవరో ఒకరు పంపుతున్నారు గానీ పడవలు ఎవరూ పంపడం లేదు. పడవ లేని జాలరి బతుకు కూలివాడి బతుక్కన్నా కనాకష్టం. బాపట్లలో కొత్తగా పెట్టిన సహాయ సంఘం ముందు పన్నెండు పడవలు, అవి బాగుంటే తర్వాత నూరు కట్టించి ఇస్తామంది. కట్టే చేతులేవీ? ఈ తీరంలో పడవ కట్టడం తెలిసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో పెద్దవాడు సింగరయ్య. ఆయన ఒక్కో పడవకి మూడు నెలలంటాడు. తొందర పెడితే వచ్చినవాణ్ణి వచ్చిన దారినే పంపేస్తాడు.

అప్పుడు దిగాడు ప్రొఫెసర్ జగన్నాథరావు. తెనాలి మనిషి, దూరంగా నగరంలో యూనివర్సిటీలో ఇంజనీరింగ్ పాఠాలు చెబుతాడు. కంప్యూటర్ చేత బొమ్మలు గీయించడం ఆయన పరిశోధన. "ఒక మంచి పడవని చూపించండి చాలు. దాని ఒంపులన్నీ మా మిషను గీసిస్తుంది. ఆ కాగితాలు చేతికిస్తే తలుపులు చేసుకునే వడ్రంగి కూడా పడవ చేసేస్తాడు" అని హనుమయ్యకి చెప్పాడు. ఆ మాట ఎవరి నోట ఎట్లా పడిందో గానీ నేరుగా వచ్చి సింగరయ్య చెవిలో పడింది. యాభై ఏళ్ల పనిని తీసుకెళ్లి తలుపుల వడ్రంగి కాళ్ల ముందు పడేస్తే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు? ఆ మండినదంతా వచ్చి సరోజ మీద పడింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనవాళ్లకి కొత్తా?

సరోజ తెనాలిలో లెక్కల్లో డిగ్రీ చేసింది, నగరంలో ఎమ్మెస్సీ చేసింది, మూడేళ్లుగా జగన్నాథరావు దగ్గర రీసెర్చి చేస్తోంది. ఆమె పని ఒంపుల లెక్క. ఒంపు మీద ఇక్కడో చుక్క, అక్కడో చుక్క కొలిచి ఇస్తే, ఆ చుక్కలన్నిటి మీదుగా ఎక్కడా మెలిక పడకుండా గీత ఎట్లా పోవాలో మిషను లెక్క కడుతుంది. ఆ లెక్క ప్రకారం పక్కనున్న గీతల యంత్రం కలం కదిలించి కాగితం మీద గీస్తుంది. వడ్రంగి మేకుల మధ్య వెదురు బద్ద వంచి గీసేదీ అదే గీత. బద్ద చేసే పని ఇక్కడ అంకెలు చేస్తాయి, అంతే తేడా. ఈ పని చేసేవాళ్లు అప్పటికి దేశం మొత్తం మీద పట్టుమని పదిమంది ఉన్నారో లేరో. ఆడవాళ్లలో తనకు తెలిసి తానొక్కతే. ఆ సంగతి సరోజకి బాగా తెలుసు. ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువగానే తెలుసు.

కొలవాల్సిన పడవ పోతురాజుది. సింగరయ్యకి సొంత మేనల్లుడు, ముప్పై ఏళ్లవాడు. ఉప్పెన నాటికి ఆ పడవని మరమ్మతు కోసం కాలవ లోపలికి లాగి ఉంచబట్టి బతికిపోయింది. పదేళ్ల కిందట సింగరయ్య కట్టిన పడవే. వల నిండా చేప పడ్డా నిటారుగా నిలబడే పడవ ఏదంటే నిజాంపట్నంలో ఎవరైనా దాన్నే చూపిస్తారు.

సింగరయ్య పడవ ముక్కు దగ్గర నిలబడి కాలి వేలితో ఇసుకలో గీత గీశాడు. "ఈ గీతకి ఇవతల నువ్వు ఎంత కావాలంటే అంత కొలుచుకో. అవతలికి రామాక. అది వలపక్క."

సముద్రంలో వల లాగడం ఎప్పుడూ పడవకి ఒకే పక్క నుంచి జరుగుతుంది. ఆ పక్కే వలపక్క. అది గంగమ్మ చోటు, ఆడమనిషి అక్కడికి పోతే చేప మొహం చాటేస్తుందని వాళ్ల నమ్మకం. "మా ఇంటి ఆడాళ్లే పోరు, నువ్వెంత" అన్నాడు.

సరోజ వాదించలేదు. భయపడి కాదు, అవసరం లేక. బయల్దేరేటప్పుడే జగన్నాథరావు చెప్పి పంపాడు, "ఒక పక్క కొలిస్తే చాలమ్మాయ్. రెండోది అద్దంలో బొమ్మ. మిషనులో చోటు తక్కువ, అంకెలెక్కించే కార్డులూ సగానికి సగం కలిసొస్తాయి" అని. ముసలాయన మూఢనమ్మకం తన పనిని సగం తగ్గించిందని సరోజ లోలోపల నవ్వుకుంది కూడా.

మూడు రోజులు కొలిచింది. ఆ మూడు రోజులూ ఆ పాకలో ఒక్కరు సాయం చేస్తే ఒట్టు. టేపు కొస కాస్త పట్టుకోమంటే ఉన్న నలుగురూ సింగరయ్య మొహం చూశారు, ఆయన తుపుక్కున ఉమ్మేశాడు, నలుగురూ పనిలో పడ్డారు. కొసని రాయికి కట్టి కొలుచుకుంది. దాహమైతే ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న సీసాలో నీళ్లే. పడవ అడుగున వెన్నులా పోయే అడుగు దూలం మీదుగా దారం లాగి, గుండు వేలాడదీసి, దారం నుంచి చెక్క దాకా ఎన్ని అంగుళాలో పడవ పొడుగునా ఏడు చోట్ల రాసుకుంది. ఆమె అంకె రాసుకున్నప్పుడల్లా సింగరయ్య వినబడేట్టు ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. "శవానికి కొలతలు తీసినట్టు తీస్తంది" అన్నాడొకసారి. పాకంతా నవ్వింది.

మూడో రోజు మధ్యాహ్నం సరోజకి ఒక తప్పు దొరికింది. పడవకి అడ్డంగా వేసే దూలం ఒకటి పాత దాని బదులు వెయ్యడానికి చెక్కి నేల మీద పెట్టి ఉంది. అడుగు దూలం మీద ఎక్కడ కూర్చోవాలో దాని మీద నడిమి గుర్తు గీసి ఉంది. ఆ గుర్తు నడిమిన లేదు. ఒక కొసకి అంగుళంన్నర దగ్గరగా జరిగి ఉంది. పాపం ముసలాయనకి చూపు ఆనడం లేదనుకుంది. మూడు రోజులు పడ్డ మాటలకి ఇదొక్కటి చాలనిపించి, నలుగురూ వినేట్టుగానే అంది.

"ఈ దూలానికి నడిమి గుర్తు తప్పు పడిందండి. అంగుళంన్నర తేడా ఉంది."

సింగరయ్య తల తిప్పి ఆమెని చూశాడు. ఆయన పెదవి కదలబోయి ఆగింది.

"అట్లాగా," అన్నాడు. "చదువుకున్నదానివి. దిద్దుకోరాదూ?"

సరోజ దిద్దుకుంది. నోటుబుక్కులో గుర్తుని నడిమికి జరిపి, కింద గీత కూడా కొట్టుకుంది.

నగరంలో ఆ అంకెలు చిల్లుల కార్డులెక్కాయి, కార్డులు మిషనులోకి పోయాయి. ఫిబ్రవరి నెలాఖరుకి గీతల యంత్రం మొదటి కాగితం కక్కింది. కలం అటూ ఇటూ పరుగెడుతుంటే పడవ ఒంపు కాగితం మీద పొడుచుకొచ్చింది, తిప్పి అదే ఒంపు రెండో పక్కనా వచ్చింది. సరోజకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తన లెక్క అది. తాను మిషనుకి రాసిచ్చిన ఆదేశాలు, తాను వెతికి దిద్దిన తప్పులు. జగన్నాథరావు కాగితాన్ని వెలుతురుకి పట్టి చూసి, "ఆ ముసలాడికి జన్మలో ఇంత నున్నటి గీత గీయడం రాదు" అన్నాడు. పేపరు రాయడం మొదలుపెడుతున్నానన్నాడు. పేరు ఆయనది. సరోజకి చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం. ఆమె కార్డులు సర్దుకుంటూ తలూపింది. డిగ్రీ ఆయన సంతకం మీద ఉంది మరి.

కాగితాలు ముక్కలుగా అతికించి, అసలు కొలతకి పెంచి, బాపట్ల యార్డుకి పంపారు. యార్డు మేస్త్రీ ప్రకాశరావు ఆ గీతల మీదే చెక్కలు కోయించాడు. చెప్పిన ప్రకారం తలుపుల వడ్రంగులే చేశారు. మే నెల చివరికి మొదటి పడవ సిద్ధమైంది, మిగతా పదకొండింటికీ పక్కటెముకలు నిలబెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లంతా ఎంత ముద్దుగా ఉందో అన్నారు. నిజంగానే ముద్దుగా ఉంది. ఏ పక్క నుంచి చూసినా ఒకటే.

జూన్ రెండో శుక్రవారం సూర్యలంకలో పడవని నీళ్లలోకి దించారు. నడపడానికి పోతురాజునీ ఇంకో ముగ్గుర్నీ పిలిపించారు, పాత పడవ తెలిసినవాడు కొత్తదాన్ని చూసి చెబుతాడని. వాళ్లు పాత పడవలోనే వచ్చి, దాన్ని ఇంకొకళ్లకి అప్పజెప్పి కొత్తదెక్కారు. జగన్నాథరావు తడిపిన చేతిరుమాలు నెత్తిన వేసుకుని ఒడ్డున నిలబడ్డాడు. హనుమయ్య పూలదండ వేశాడు. సరోజ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూస్తోంది.

మొదటిసారి వల లాగినప్పుడు పడవ వలపక్కకి ఒరిగింది. నలుగురూ చప్పున అవతలికి జరిగారు, సర్దుకుంది. రెండోసారి ఇంకాస్త ఒరిగింది. "అలవాటు లేక" అన్నాడు జగన్నాథరావు. మూడోసారి వల బరువుగా పడింది. పడవ అంచు నీళ్లలోకి దిగిపోయింది, దిగిన అంచు మళ్లీ లేవలేదు. సముద్రం సావకాశంగా లోపలికి నడిచొచ్చినట్టు నీళ్లొచ్చేశాయి. ఇద్దరు మనుషులు పడిపోయారు. పోతురాజు చేతికి వలతాడు చుట్టుకుంది. రెండో చేత్తో కత్తి తీసి తాడు తెంపాడు గనక నీళ్లు నిండిన పడవ అడుక్కి పోకుండా ఆగింది. వల పోయింది, అతని ముంజేతి మీద కండ లేచిపోయింది. పక్కనే అదే కెరటాల మీద, అంతే బరువు వల లాగుతూ పాత పడవ నిటారుగా నిలబడి ఉంది. అందులోవాళ్లు వల వదిలేసి వచ్చి నలుగుర్నీ ఎక్కించుకున్నారు.

మర్నాడు శనివారం బాపట్ల ట్రావెలర్స్ బంగళాలో కూర్చున్నారు. జగన్నాథరావు అప్పటికే ఒక కాగితం టైపు చేయించి తెచ్చాడు. పడవ ఆకృతిలో దోషం లేదు, అనుభవం లేని జాలర్లు బరువుని ఒక పక్కకి చేర్చడం వల్ల ప్రమాదం జరిగింది, అని ఉంది అందులో. కింద ఆయన సంతకం, పక్కన కొలతలు తీసిన సరోజ సంతకం చెయ్యడానికి చోటు.

వరండాలో గోడకానుకుని పోతురాజు నిలబడి ఉన్నాడు, మోచేతి దాకా కట్టుతో. కాగితం పైకి చదువుతుంటే విన్నాడు.

"నాకు అనుభవం లేదాండీ?" అన్నాడు. "పాలుతాగే వయసు దాటగానే పడవెక్కినోణ్ణి."

"నిన్నెవరూ అడగలేదు, బయట ఉండు" అన్నాడు జగన్నాథరావు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

సరోజ కలం తీసుకోలేదు. రాత్రంతా ఆమెకి ఒకటే కనబడుతోంది, మునిగిన పడవ పక్కన నిటారుగా నిలబడ్డ పాత పడవ.

"సార్, కొత్తది పాతదానికి నకలే కదండీ?"

"అందులో అనుమానమేంటి?"

"అదే సముద్రం, అదే బరువు. పాతది ఒరగలేదు. కొత్తది మునిగింది. నకలే అయితే ఎందుకు మునగాలండీ?"

"ఆ సంగతి వాళ్లని అడుగు."

"మనుషుల్ని కాదండి, నా కొలతల్నే అడగాలేమో. ఎక్కడో తప్పు కొలిచి ఉంటాను."

జగన్నాథరావు మొహం ఎర్రబడింది. నీ తప్పంటే నా తప్పన్నట్టే, పేపరు అచ్చుకి పోయింది తెలుసా అన్నాడు. మూడేళ్లు అన్నం పెట్టిన చెయ్యి కరుస్తావా అన్నాడు. అన్నం ఆయన పెట్టలేదు, స్కాలర్‌షిప్పు పెట్టింది. అయినా ఆ మాట పడింది. చివరికి మెల్లిగా, ఇంకా విషంగా, "సంతకం పెట్టకపోతే మళ్లీ నా డిపార్టుమెంటు గడప తొక్కొద్దు. రేపల్లెలో మీ నాన్న బళ్లోనే ఎక్కాలు చెప్పుకో" అన్నాడు.

అచ్చం సింగరయ్య అన్న మాటే. ఒకళ్లకొకళ్లు గిట్టని ఇద్దరు మగవాళ్లకి తన సంగతిలో మాత్రం ఎంత ఏకాభిప్రాయమో అనుకుంది సరోజ. అరికాలి మంట నెత్తికెక్కింది. "పెట్టనండి" అంది. కాగితం ఆయన వైపుకి తోసేసింది.

హనుమయ్య ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాడు. మంచివాడే, కానీ పదకొండు పడవల కోసం పదకొండు కుటుంబాలు వచ్చి రోజూ ఆయన వాకిట్లో కూర్చుంటున్నాయి. "చూడమ్మా, సోమవారం పొద్దున ప్రకాశరావు పలకలు బిగించడం మొదలుపెడతాడు. బిగిస్తే మళ్లీ విప్పేది లేదు. ఎక్కడ ఎంత తప్పో ఈలోపు అంకె తెచ్చి చూపిస్తే ఆపుతా. ఉత్త అనుమానానికి ఆపలేను" అన్నాడు.

అంటే ఒక్క ఆదివారం. ఆ ఒక్క రోజులో అంకె దొరక్కపోతే పదకొండు పడవలు సముద్రంలోకి పోతాయి, ఒక్కొక్క దాంట్లో నలుగురేసి మనుషులు. సరోజ తెనాలి వెళ్లి, రేపల్లె రైలు పట్టుకుని ఇంటికి చేరింది. పొద్దున్నే చర్చి గంట కొడుతుంటే తల్లి జ్ఞానమ్మ "ఆరాధనకి రావా?" అంది. రానని చెప్పి నిజాంపట్నం బస్సెక్కింది.

పోతురాజు పడవ గట్టు మీదే ఉంది. సింగరయ్య దాని పక్కన కూర్చుని, పలకల సందుల్లో పూయడానికి గుగ్గిలం నూరుతున్నాడు. ఆమెని చూసి లేవలేదు.

"నీ పడవ మునిగిందంటగా."

"మునిగిందండి. మనుషులు పోయేవాళ్లు."

"పోలేదుగా."

"ఈ పడవ ఎందుకు ఒరగదో చెప్పండి."

"మిషన్ని అడుగు."

సరోజ పడవని చూస్తూ నిలబడింది. ఈసారి కొలవలేదు, ఊరికే చూసింది. ఖాళీగా ఉన్న పడవలో కొత్తగా వేసిన అడ్డ దూలం ఉంది. దాని మీద నడిమి గుర్తు తిన్నగా అడుగు దూలం మీద కూర్చుంది. ఇవతల కొస పొట్టి, అవతల కొస పొడుగు. తాను నోటుబుక్కులో నడిమికి జరిపిన గుర్తే అది.

"ఆ గుర్తు తప్పు కాదు కదండీ," అంది.

సింగరయ్య చెయ్యి ఆగింది. "వలపక్క రెండు వేళ్లు లావు. మా తాతల నాటి నుంచీ అంతే. ఖాళీగా ఉంటే రవ్వంత ఇటు ఒరుగుద్ది. వల పడిందా, నిటారుగా నిలబడుద్ది."

"ఆ రోజే మీకు తెలుసు. నేను ఒక్క పక్కే కొలుచుకుని పోతున్నానని తెలుసు."

"తెలుసు."

"చెప్పలేదే?"

"అడిగావా నువ్వు? దిద్దుకున్నావు."

సరోజకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆయన అన్నది నిజం. నిజమైనందుకే ఇంకా కోపమొచ్చింది.

"నేను దిద్దుకున్నందుకు వాళ్లు చావాలా? సొంత మేనల్లుడు ఎక్కాడండీ ఆ పడవ."

ఆ మాట ఎక్కడో తగిలింది. సింగరయ్య గుగ్గిలం రాయి పక్కన పెట్టాడు. ఆయన గొంతు మారింది, మెత్తబడలేదు. "కొత్త పడవ నీళ్లల్లోకి దిగేముందు కట్టేవాణ్ణి పిలుస్తారు. వాడు చుట్టూ తిరిగి చూసి, కొబ్బరికాయ కొట్టి, సరే అంటేనే దిగుద్ది. నా పడవకి నకలంటిరి. కబురొస్తదని చూశా. ఐదు నెల్లు చూశా. వస్తే చూసి చెప్పేవాణ్ణే. ఎవరు పిలిచారే నన్ను?"

ఎవరూ పిలవలేదు. పిలవకూడదని ఎవరూ అనుకోలేదు కూడా, అసలు ఆ ఆలోచనే ఎవరికీ తట్టలేదు. తనకీ తట్టలేదు. కానీ ఒడ్డున నిలబడి చూసింది తను, నీళ్లలో పడ్డ ఇద్దరు మనుషుల తలలు పైకి లేచేదాకా ఊపిరి బిగపట్టింది తను.

"పిలవకపోవడం మాదే తప్పు," అంది. "తెలిసి ఊరుకోవడం మాత్రం మీది. పిలవలేదని అలిగి కూర్చుంటే సముద్రం ఆగుతుందా?"

"పో ఇక్కణ్ణించి."

"పోతా. రెండు వేళ్లంటే చాలదు నాకు. ముక్కు దగ్గర ఎంత, నడుమ ఎంత, వెనక ఎంత? రేపు పొద్దుటికి ఏడు చోట్ల అంకె కావాలి. చెప్పండి."

"చెప్పను."

"చెప్పొద్దులెండి. కొలుచుకుంటా."

చెప్పులు విడిచింది. టేపు తీసి పడవ ముక్కు దాటి నడిచింది. సింగరయ్య లేచాడు, ఆ వయసులో అంత వేగంగా లేస్తాడని ఎవరూ అనుకోరు. చేతికందిన బాడిశ పట్టుకుని ఉన్నాడు. "అడుగు వేశావంటే మర్యాద దక్కదు" అన్నాడు. పాకలో ఉన్నవాళ్లంతా వచ్చి అడ్డంగా నిలబడ్డారు. సరోజకి భయం వేసింది. వెనక్కి పోదామనీ అనిపించింది. పోతే రేపు పలకలు బిగిస్తారు.

"రానీ మావా," అన్నాడు వెనక నుంచి ఎవరో.

పోతురాజు. కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని గట్టు దిగి వస్తున్నాడు.

"ఏంట్రా రానిచ్చేది? వలపక్కకి ఆడదాన్ని రానిస్తావా? మైల పడుద్ది. ఇక ఆ పడవని నేను ముట్టను. చచ్చినా ఎక్కను."

"ఎక్కేది నువ్వు కాదు మావా," అన్నాడు పోతురాజు. "నేను. రేపు ఆ పదకొండిట్లో ఎక్కేదీ మనోళ్లే."

బాడిశ పట్టిన సింగరయ్య చెయ్యి దానంతట అదే కిందికి దిగింది. అడ్డం నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే జరిగారు. పోతురాజు వచ్చి, బాగున్న చేతిని చాపి, "ఇటివ్వక్కా కొస" అన్నాడు.

కొలవడం మొదలుపెట్టారు. ముక్కు దగ్గర అర అంగుళం ఎక్కువ. రెండో చోట ముప్పావు. సరోజ అంకె పైకి చెప్పి తనే రాసుకుంటోంది. సింగరయ్య పాక నిట్రాడికి ఆనుకుని, మొహం కాలవ వైపుకి తిప్పుకుని కూర్చున్నాడు. వాళ్లు అక్కడ లేనట్టే కూర్చున్నాడు. అయినా కళ్లు మాత్రం ఇటే ఉన్నాయి.

నాలుగో చోట, పడవ నడుమ, సరోజ "అంగుళంపావు ఎక్కువ" అని చెప్పి రాసుకుంది.

"కళ్లు పొయ్యాయా ఇద్దరికీ?" అన్నాడు సింగరయ్య, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. "కొస జారింది. మళ్లీ పట్టండి."

సరోజ ఆ అంకె కొట్టేసింది. పోతురాజు కొస సరిగ్గా పట్టాడు. పావంగుళం పెరిగి, సరిగ్గా అంగుళంన్నర వచ్చింది.